రిపోర్ట్ కార్డులో అన్నీ ఏ గ్రేడ్లే, టెస్టులో మాత్రం 31

ఫ్లోరిడా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు. పేరు వద్దన్నారు, ఊరు కూడా వద్దన్నారు. కుదించి చెబుతాను.

వాళ్లబ్బాయి ఇప్పుడు ఐదో గ్రేడ్. రెండో గ్రేడ్ దాకా ఇంటి దగ్గర పబ్లిక్ స్కూల్లోనే, అంటే ప్రభుత్వ బడిలోనే చదివాడు. అక్కడ మూడో గ్రేడ్‌లో రీడింగ్ పరీక్షలో మరీ తక్కువ వస్తే మళ్లీ అదే క్లాసులో కూర్చోబెడతారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఇంట్లో టెన్షన్. పిల్లాడికి స్కూలుకు బయల్దేరే వేళకి కడుపునొప్పి వచ్చేది, సెలవురోజు వచ్చేది కాదు. సరిగ్గా అప్పుడే, 2023లో, కుటుంబం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఎవరి పిల్లలైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో ప్రైవేట్ బడికి వెళ్లొచ్చని ఫ్లోరిడా చట్టం మార్చింది. వీళ్లు వెంటనే మార్చేశారు. ఎనభై మంది పిల్లలున్న చిన్న బడి. నడిపే ఆవిడ ఈమెకి ఏళ్లుగా తెలుసు, ఈమె ఆవిణ్ణి "అక్కా" అనే పిలుస్తుంది. కడుపునొప్పి పోయింది. రెండేళ్లుగా రిపోర్ట్ కార్డులో అన్నీ ఏ గ్రేడ్లే.

ఈ మధ్య పక్కింటావిడ మాటల్లో "మీవాడి టెస్ట్ పర్సంటైల్ ఎంతొచ్చింది?" అని అడిగారు. ఏ టెస్టో ఈమెకి తెలియదు. బడి ఆఫీసులో అడిగితే రెండు కాగితాలు ప్రింట్ తీసి ఇచ్చారు. మూడో గ్రేడ్‌లో రీడింగ్ 63, మ్యాథ్ 58. నాలుగో గ్రేడ్‌లో రీడింగ్ 57, మ్యాథ్ 31. మొదటి కాగితం ఏడాదిన్నర కిందటిది, ఇంటికి ఎప్పుడూ రాలేదు. అక్కని అడిగితే, "అవి స్కాలర్‌షిప్ కోసం పెట్టే ఫార్మాలిటీ, వాటిని మనసులో పెట్టుకోకు" అంది. భర్తేమో, "పరీక్షల గోల వద్దనే కదా బయటికొచ్చాం, ఇప్పుడు నువ్వే ఆ గోల మళ్లీ ఇంట్లోకి తెస్తున్నావు" అన్నారు. ఇండియా నుంచి ఫోన్‌లో అత్తగారు, "లెక్కల్లో ముప్పై అయిదు కూడా రాలేదా!" అన్నారు. వీటన్నిటి మీద ఇంకో బరువు. ఈమె మాట విని ఇంకో మూడు తెలుగు కుటుంబాలు పిల్లల్ని ఆ బడిలో వేశాయి.

ఉత్తరం చివర మూడు ప్రశ్నలు. "వాణ్ణి మళ్లీ పబ్లిక్ స్కూల్లో వేయాలా? అక్క మీద కంప్లైంట్ ఇస్తే నేను మనిషినేనా? అసలు డబ్బు ఇచ్చేది ప్రభుత్వం అయినప్పుడు ఆ బడి ఎలా చెబుతోందో చూడాల్సింది ప్రభుత్వం కాదా? నేనెందుకు చూడాలి?"

* * *

మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండిటి ముడీ అక్కడే ఉంది.

మీరనుకుంటున్నట్టు ప్రభుత్వం అసలు చూడటం లేదని కాదు. చూస్తుంది, కానీ మీరు చూస్తుందనుకుంటున్న చోట చూడదు. మీ రాష్ట్రంలో స్కాలర్‌షిప్ పిల్లల్ని చేర్చుకునే ప్రైవేట్ బడి ఏం చేయాలో చట్టంలో ఉంది. పిల్లలతో పనిచేసే వాళ్లకి పోలీసు రికార్డుల తనిఖీ జరగాలి. ఆరోగ్యం, అగ్నిమాపక నిబంధనలు పాటించాలి. స్కాలర్‌షిప్ డబ్బు పెద్ద మొత్తంలో తీసుకునే బడి అకౌంటెంట్ చేత లెక్కల నివేదిక చేయించి ఇవ్వాలి. టీచర్‌కి డిగ్రీ ఉండాలి, లేదా మూడేళ్ల బోధనానుభవమో చెప్పే సబ్జెక్టులో ప్రత్యేక నైపుణ్యమో ఉన్నా చాలు. ఇక 3 నుంచి 10వ గ్రేడ్ దాకా స్కాలర్‌షిప్ పిల్లలకి ఏటా ఒక పరీక్ష పెట్టాలి. అది ఐయోవా, స్టాన్‌ఫోర్డ్ లాంటి, దేశమంతటి పిల్లలతో పోల్చి చూపే టెస్టుల్లో రాష్ట్రం ఒప్పుకున్నది ఏదైనా కావచ్చు, రాష్ట్రం సొంత పరీక్షైనా కావచ్చు. ఆ ఫలితం తల్లిదండ్రులకి ఇవ్వాలి. విశ్లేషణ కోసం ఒక స్టేట్ యూనివర్సిటీకి కూడా పంపాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఏమవుతుంది? బడి విషయంలో దాదాపు ఏమీ కాదు. మార్కులు తక్కువ వచ్చాయని ఏ అధికారీ వచ్చి తలుపు తట్టడు. పబ్లిక్ స్కూళ్లకి 1999 నుంచి ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ వేసి ఊరందరికీ చెప్పే ఫ్లోరిడా, ఈ బడులకి ఆ గ్రేడ్ వేయదు. చిన్న బడి ఫలితాల్ని విడిగా బయటపెట్టరు కూడా, పిల్లలు కొద్దిమందే కాబట్టి ఎవరి మార్కులో తెలిసిపోతుందని. అంటే మీ అక్క బడిలో మ్యాథ్ ఎలా ఉందో ఏ వెబ్‌సైట్‌లో వెతికినా దొరకదు. అది చెప్పగల కాగితం ఇంటింటికీ ఒక్కటి. మీ ఇంటికి రావలసినది ఏడాదిన్నర పాటు బడి ఫైల్లో ఉండిపోయింది.

ఇది ఎవరో మర్చిపోయి వదిలేసిన ఖాళీ కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం. బడి నచ్చకపోతే తల్లిదండ్రులే పిల్లల్ని తీసుకుపోతారు, డబ్బూ వాళ్ల వెంటే పోతుంది, అదే బడికి అదుపు అన్నది ఆ ఆలోచన. ఇందులో కొంత నిజం ఉంది. కాకపోతే తల్లిదండ్రుల చేతిలో కాగితం ఉన్నప్పుడే ఆ అదుపు పనిచేస్తుంది. కాబట్టి "నేనెందుకు చూడాలి" అన్నదానికి నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. మీ రాష్ట్రం ఆ పని మీకు అప్పగించింది, అప్పగించినట్టు మీకు ఎవరూ చెప్పలేదు. స్కాలర్‌షిప్ కాగితాల మీద సంతకం పెట్టినప్పుడు ఆ ఉద్యోగంలో కూడా చేరారు మీరు.

అన్ని రాష్ట్రాలూ ఇలా లేవు. మీరు అడగలేదు గానీ ఇది తెలిస్తే మీ కోపం ఎవరి మీదకి పోవాలో తేలుతుంది. ఆరిజోనాలో 2022 నుంచి ప్రతి పిల్లాడికీ ఈ డబ్బు దొరుకుతుంది, పరీక్ష అన్న షరతే లేదు. ఇండియానాలో వోచర్ బడులు, అంటే ఇలా ప్రభుత్వ డబ్బుతో పిల్లల్ని చేర్చుకునే ప్రైవేట్ బడులు, రాష్ట్ర పరీక్షే పెట్టాలి, గ్రేడూ వేయించుకోవాలి. వరసగా రెండేళ్లు అట్టడుగు రెండు గ్రేడ్లలో ఏదైనా వస్తే కొత్త వోచర్ పిల్లల్ని చేర్చుకోకుండా ఆపాలని 2011లో తెచ్చిన చట్టంలోనే రాసుకున్నారు. విస్కాన్సిన్‌లోని మిల్వాకీలో ఈ పథకం 1990లోనే మొదలైంది, వోచర్ పిల్లలందరికీ రాష్ట్ర పరీక్ష, ఆ ఫలితాలు బడివారీగా బయటపెట్టడం మాత్రం 2010–11లో గానీ రాలేదు. అప్పటికి కొన్నేళ్లుగా ఆ పిల్లల్ని గమనిస్తున్న యూనివర్సిటీ ఆఫ్ ఆర్కాన్సా పరిశోధకులకి సరిగ్గా ఆ ఏడాదే రీడింగ్‌లో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించింది. ఫలితం నలుగురికీ తెలుస్తుందనేసరికి బడులు పరీక్షని పట్టించుకోవడం మొదలుపెట్టి ఉండొచ్చని వాళ్లే రాశారు. పిల్లలు నిజంగా ఎక్కువ నేర్చుకున్నారా, పరీక్ష రాయడం నేర్చుకున్నారా అన్నది వేరే ప్రశ్న. కానీ "ఫార్మాలిటీ" అన్న మాట ఆ ఏడాది ఆ బడుల్లో వినిపించి ఉండదు.

పరీక్ష ఉంటే అంతా తేటతెల్లం అయిపోతుందనీ అనుకోవద్దు. లూసియానాలో 2012లో ఈ పథకాన్ని రాష్ట్రమంతా విస్తరించినప్పుడు వోచర్ పిల్లలు రాష్ట్ర పరీక్షే రాశారు. లాటరీలో సీటు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పోల్చి చూస్తే, సీటు వచ్చినవాళ్లకే మ్యాథ్‌లో బాగా తక్కువ వచ్చింది. ఎందుకు అన్నదాని మీద వాదన మాత్రం తెగలేదు. ప్రైవేట్ బడుల సిలబస్ ఆ పరీక్షకి సరిపోలేదన్నది ఒక వాదన. పిల్లలు తగ్గిపోయి సీట్లు నిండని బడులే ఎక్కువగా పథకంలో చేరాయన్నది ఇంకో వాదన. అంకె చేతిలో ఉన్నా దాని అర్థం కోసం ఇలాగే కూర్చుని తవ్వుకోవాలి. మీ 31 కూడా అంతే, ఇప్పుడు దాన్ని తవ్వుదాం.

ముందు మీ అత్తగారి మాట. 31 అంటే నూటికి 31 మార్కులు కాదు. ఈ టెస్టులో పాసూ లేదు, ఫెయిలూ లేదు. దేశంలో అదే గ్రేడ్ చదివే పిల్లల్ని ఒక వంద మందిని వరసగా నిలబెట్టారనుకోండి. మ్యాథ్‌లో మీవాడి వెనక 31 మంది ఉన్నారని దాని అర్థం. 50 దగ్గర ఉన్నవాడు సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. మన తరానికి ముప్పై అయిదు అన్న అంకె ఒంట్లో జీర్ణించుకుపోయింది, దానికి ఒక్కటి తగ్గినా గుండె జారుతుంది. ఆవిడనేమీ అనకండి, ఈ లెక్క ఒకసారి విడమరిచి చెప్పండి. రీడింగ్ 57 అంటే మధ్యకి కాస్త పైనే. అది బాగానే ఉంది, దాన్ని పక్కన పెట్టేద్దాం.

మ్యాథ్ 58 నుంచి 31కి పడింది కదా అంటారు. ఇక్కడే మీరు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. రెండేళ్లూ ఒకే టెస్టు కాదు. మొదటి ఏడాది ఒక కంపెనీది, రెండో ఏడాది ఇంకో కంపెనీది. బడి ఎందుకు మార్చిందో అడగాల్సిందే. మార్చడం తప్పు కాదు, కానీ టెస్టు మారితే పోల్చే గుంపు మారుతుంది, అడిగే ప్రశ్నల తీరూ మారుతుంది. 58కీ 31కీ మధ్య 27 మెట్లు దిగాడని చెప్పలేం. పైగా ఏ టెస్టుకైనా అటూ ఇటూ ఊగిసలాట ఉంటుంది. ఆ కాగితంలో అంకె పక్కన ఒక చిన్న అడ్డగీత గానీ రెండు అంకెల మధ్య హద్దు గానీ ఉంటుంది, చూడండి. అదే పిల్లాడు మర్నాడు మళ్లీ రాస్తే ఆ హద్దులో ఎక్కడైనా పడొచ్చని చెప్పేది అదే.

ఇవన్నీ తీసేసినా నాకు ఆ 31 కొట్టిపారేయదగ్గదిగా అనిపించడం లేదు. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మూడో పేజీలో, వేరే సంగతి చెబుతూ, ఒక్క వాక్యంలో దాటేశారు: "జనవరిలో మ్యాథ్ టీచర్ మానేశారు, ఏడాది అయ్యేదాకా అక్క వాళ్ల చుట్టాలమ్మాయి చూసుకుంది, నాలుగు ఐదు గ్రేడ్లు కలిపి కూర్చోబెట్టారు." ఆ అమ్మాయి బాగా చెప్పి ఉండొచ్చు, చెప్పకపోయి ఉండొచ్చు. నాలుగో గ్రేడ్ అంటే భిన్నాలు బలపడే ఏడాది. ఆ నాలుగైదు నెలలు జారిపోతే ఐదో గ్రేడ్‌లో భిన్నాల కూడికల దగ్గరా, ఆ తర్వాత దశాంశాల దగ్గరా మళ్లీ మళ్లీ తగులుతుంది. రెండో కాగితం వెనకవైపు మ్యాథ్‌ని భాగాలుగా విడగొట్టి ఉంటుంది. భిన్నాలు, కొలతలు, లెక్కలు చేయడం, ఇలా. మొత్తం అంకె కన్నా నాకు ఆ వెనకవైపే ముఖ్యం. అన్నీ సమానంగా తక్కువుంటే ఒక సంగతి, భిన్నాల్లో మాత్రమే గొయ్యి పడి ఉంటే ఇంకో సంగతి. రెండోదైతే రోజుకి అరగంట చొప్పున కొన్ని నెలల్లో పూడ్చుకునే గొయ్యే.

కాగితం లేకుండా కూడా ఒకటి చేయొచ్చు. శనివారం పొద్దున వాడు హుషారుగా ఉన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నాలుగో గ్రేడ్ పుస్తకంలోంచి ఐదారు భిన్నాల లెక్కలు ఇవ్వండి. టెస్టు అనకండి, టైము పెట్టకండి. రాకపోతే ఎక్కడ ఆగాడో మాత్రం గమనించండి. అక్కడే చెప్పేయాలనిపిస్తుంది, ఆగండి.

మరి ఆ ఏ గ్రేడ్లు? అవి అబద్ధాలని నేననను. చిన్న బడిలో టీచర్ పిల్లాడి శ్రమ చూస్తుంది, హోమ్‌వర్క్ చూస్తుంది, తాను చెప్పినంత మేరకి వచ్చిందా అని చూస్తుంది. తాను చెప్పనిది రాలేదని ఆ గ్రేడు చెప్పదు, చెప్పలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు. బయటినుంచి వచ్చే పరీక్ష ఒకటి ఉండాలనడానికి కారణం కూడా ఇంతే. రెండిట్లో ఏది నిజం అని మీరు నలిగిపోతున్నారు. రెండూ నిజమే అయి ఉండొచ్చు: చెప్పింది బాగా నేర్చుకున్నాడు, చెప్పాల్సింది మొత్తం చెప్పలేదు.

ఇక ఏం చేయాలి. మీ ముందు నాలుగైదు దారులున్నాయి. ఏదీ మరీ సుఖంగా లేదు.

పబ్లిక్ స్కూల్‌కి తిరిగి వెళ్లడం గురించి ముందు చెబుతాను, మీరు రాత్రుళ్లు దాని గురించే ఆలోచిస్తున్నట్టున్నారు. మీరు పారిపోయి వచ్చిన గండం ఇప్పుడు అక్కడ లేదు. క్లాసులో ఆపేసే ఆ నిబంధన మూడో గ్రేడ్ రీడింగ్‌కి, మీవాడు దాన్ని దాటేశాడు. అక్కడ ఫాస్ట్ అనే పరీక్ష ఏడాదికి మూడుసార్లు పెడతారు కాబట్టి ఎక్కడున్నాడో త్వరగానే తెలుస్తుంది, తర్వాత పెరిగాడా లేదా అన్నదీ తెలుస్తుంది. నష్టమేంటంటే, ఐదో గ్రేడ్‌లో రీడింగ్, మ్యాథ్‌కి తోడు సైన్స్ పరీక్ష కూడా ఉంటుంది. స్కాలర్‌షిప్ అక్కడితో ఆగిపోతుంది, మళ్లీ కావాలంటే వచ్చే ఏడాదికి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఏడాది మధ్యలో స్నేహితుల్ని వదిలించి తీసుకెళ్లడం, అదీ కడుపునొప్పి జ్ఞాపకం ఉన్న చోటికి. ఎటూ ఐదో గ్రేడ్ అయ్యాక మిడిల్ స్కూల్ వస్తుంది, అప్పుడు పిల్లలందరూ కొత్త చోటికే వెళతారు. మారాలనే అనుకుంటే ఆ మలుపు దగ్గర మారడం వాడికి సులువు. ఈలోపు నెలలన్నీ ఖాళీగా పోనివ్వకూడదు, అంతే.

ఇంకో ప్రైవేట్ బడికి మారడం కూడా కుదురుతుంది. స్కాలర్‌షిప్ డబ్బు వాయిదాల్లో వెళుతుంది, ప్రతి వాయిదాకీ మీ ఆమోదం కావాలి, కాబట్టి మిగిలినది కొత్త బడికి వెళ్లే వీలుంది. కానీ ఇప్పటి బడితో చేసుకున్న ఒప్పందం తీసి చదవండి. ఏడాది ఫీజంతా మీరే కట్టాలన్న షరతు ఉంటే స్కాలర్‌షిప్ వెళ్లిపోయాక ఆ బాకీ మీ నెత్తిన పడుతుంది. కొత్త బడికి వెళ్లినా మొదట అడగాల్సినవి ఇవే: ఏ టెస్టు పెడతారు, ఎప్పుడు పెడతారు, ఫలితం ఎన్నాళ్లలో ఇంటికి పంపుతారు. వెంటనే జవాబు చెప్పలేని బడిలో మళ్లీ ఇదే కథ.

మూడో దారి చాలామందికి తెలియదు. ప్రైవేట్ బడిలో ఉంటూనే స్కాలర్‌షిప్ పిల్లాడి చేత రాష్ట్ర పరీక్ష రాయించమని తల్లిదండ్రులు కోరవచ్చు. బడి ఆ పరీక్ష పెట్టకపోతే స్కూల్ డిస్ట్రిక్ట్ చెప్పిన చోటికి మీరే తీసుకెళ్లాలి. ఇంటి దగ్గర పబ్లిక్ స్కూల్ పిల్లలతో పోలిస్తే వాడెక్కడున్నాడో తెలుస్తుంది, మిడిల్ స్కూల్‌కి అటు వెళ్లే ఆలోచన ఉంటే పనికొస్తుంది కూడా. కానీ వాడికి తెలియని చోట, తెలియని పిల్లల మధ్య కూర్చుని రాయాలి. మీ ఆయన దీనికి ఒప్పుకోరు. నిజం చెప్పాలంటే నేనూ ముందు శనివారం లెక్కలు అయ్యాకే దీని గురించి ఆలోచిస్తాను.

ఇప్పుడు అక్క. మీ ఉత్తరంలో సగం ఆవిడే ఉన్నారు.

మార్కులు తక్కువ రావడం మీ రాష్ట్ర చట్టం దృష్టిలో తప్పు కాదు. మార్కులు ఇంటికి ఇవ్వకపోవడం తప్పు. ఈ రెండిటినీ మీరు కలిపేసుకుని, అక్క చదువు చెప్పడం చేతకాని మనిషి అని కంప్లైంట్ ఇస్తున్నట్టు ఊహించుకుని కుమిలిపోతున్నారు. అలాంటి కంప్లైంట్ ఇచ్చినా ఎవరూ తీసుకోరు. ఏ గ్రేడ్లు ఉదారంగా వేశారన్న ఫిర్యాదూ నిలవదు. తీసుకునేది ఇలాంటివే: ఫలితం తల్లిదండ్రులకి ఇవ్వలేదు, టెస్టు పెట్టలేదు, టీచర్లకి చట్టం అడిగిన అర్హత లేదు, తనిఖీలు చేయించలేదు. వీటి మీద రాష్ట్ర విద్యాశాఖకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. తేలితే బడిని స్కాలర్‌షిప్ నుంచి ఆపే అధికారం కూడా వాళ్లకుంది. ఎనభై మంది పిల్లల బడికి అది ప్రాణాంతకమే. మీరు తెచ్చిన ముగ్గురితో సహా అందరూ బయట పడాల్సి రావచ్చు. అందుకని దాన్ని మొదట బయటికి తీయాల్సిన ఆయుధంగా నేను చూడను. అలాగని దాచిపెట్టేయనూ.

ఆవిడకి ముందు ఒక ఈమెయిల్ రాయండి. ఫోన్ వద్దు, గుడి దగ్గర కలిసినప్పుడు మాట్లాడటం అసలే వద్దు. అక్కడ మీరు చెల్లెలు అయిపోతారు, ఆవిడ అక్క అయిపోతుంది, కాఫీతో ముగుస్తుంది. ఈమెయిల్‌లో ఇంతే అడగండి: రెండేళ్ల పూర్తి రిపోర్టులు, వెనకవైపు పేజీలతో సహా, టెస్టు ఎందుకు మార్చారు, జనవరి నుంచి మ్యాథ్‌లో ఏ పాఠాలు అయ్యాయి, ఏవి మిగిలాయి, ఈ ఏడాది మ్యాథ్ ఎవరు చెబుతున్నారు, కాగితాలు వచ్చాక ఆ టీచర్‌తో అరగంట. "అక్కా" అనే మొదలుపెట్టండి, అందులో అబద్ధం లేదు. కానీ అడిగినవాటిలో ఒక్కటీ తగ్గించకండి.

ఆవిడ ఎలా స్పందిస్తుందో దాన్నిబట్టి మీకు చాలా తెలుస్తుంది. కాగితాలన్నీ ఇచ్చి, "అవును, ఆ నెలల్లో దెబ్బతిన్నాం, ఇలా సరిచేస్తున్నాం" అంటే మీరు అక్కడ ఉండటానికి మంచి కారణం దొరికినట్టే. చిన్న బడిలో టీచర్ మానేస్తే వెంటనే ఇంకొకర్ని తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు, నేనూ కొన్నేళ్లు అలాంటి చిన్న బడిలో లెక్కలు చెప్పాను. ఎవరైనా మానేస్తే సోషల్ టీచర్‌తో మ్యాథ్ చెప్పించిన రోజులున్నాయి. తల్లిదండ్రులకి చెప్పామా? చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగానే ఉంది. ఆవిడ "ఫార్మాలిటీ" అన్నది మోసం చేయాలని కాకపోవచ్చు, భయంతో అయి ఉండొచ్చు. అదే కాగితాలు ఇవ్వకుండా, "నా మీద నమ్మకం లేదా" అన్న మాట దగ్గరే ఆగిపోతే మాత్రం ఇంకోసారి రాతపూర్వకంగా అడగండి, చట్టం ప్రకారం ఫలితం ఇవ్వాలన్న సంగతి అందులో రాయండి. అప్పటికీ రాకపోతే విద్యాశాఖకి రాయడంలో మీ మనిషితనానికి లోటేమీ లేదు. మీవాడి పేరున వెళ్లే డబ్బు ఏడాదికి ఎనిమిది వేల డాలర్ల చుట్టూ ఉంటుంది. దానికి బదులుగా చట్టం ఆ బడిని అడిగినవాటిలో చదువుకి సంబంధించింది దాదాపుగా ఈ ఒక్క కాగితమే.

మీ ఆయన గురించి. ఆయన మాటని మీరు ఉత్తరంలో కొంచెం ఎగతాళిగా రాశారు. నాకు ఆయనలో కనిపించింది వేరు. కడుపు పట్టుకుని కూర్చున్న పిల్లాణ్ణి పొద్దున్నే కారెక్కించింది ఆయనే కదా. ఆ రోజులు మళ్లీ రాకూడదన్నది ఆయన పట్టుదల. ఆయనకి ఈ తేడా చెప్పి చూడండి: పబ్లిక్ స్కూల్ మూడో గ్రేడ్ పరీక్ష పిల్లాణ్ణి ఆపేయగలిగే పరీక్ష, ఈ టెస్టు అలాంటిది కాదు. దీనివల్ల వాడికి జరిగేది ఏమీ లేదు, తెలియాల్సింది పెద్దవాళ్లకి. ఆ 31 వాడికి చెప్పాల్సిన పని కూడా లేదు. అత్తగారు ఫోన్‌లో వాడి ముందు అనకుండా చూసుకుంటే చాలు. ఇదొక్కటీ ఆయన చేతనే చెప్పించండి, మీరు చెబితే ఇంకో గొడవ.

చివరగా ఆ మూడు కుటుంబాలు. "నేను వాళ్లని ముంచేశాను" అని రాశారు. ఎవరూ మునగలేదు, మీ పిల్లాడి మార్కులు వాళ్ల పిల్లల మార్కులు కావు. వాళ్లకి 31 గురించి చెప్పకండి, అది మీవాడి సొంత విషయం. "టెస్టు రిపోర్టు అడిగి తీసుకోండి, అది మనకి రావాలి" అని మాత్రం చెప్పండి. మీరు అక్కకి ఈమెయిల్ పంపిన తర్వాతే చెప్పండి, ముందు కాదు. లేకపోతే నలుగురూ ఒకే వారంలో అడిగితే ఆవిడకి అది కుట్రలా కనిపిస్తుంది. వాళ్లలో ఒకరి పాపకి ఆటిజం అని రాశారు. ప్రామాణిక పరీక్ష సరిపడని వైకల్యం ఉన్న పిల్లలకి ఈ టెస్టు నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి ఆ తల్లి దగ్గర మీకున్నంత కాగితం కూడా ఉండకపోవచ్చు. పబ్లిక్ స్కూల్లో ఫెడరల్ చట్టం కింద ఆ పాపకి ఉన్న ప్రత్యేక ప్రణాళిక, థెరపీల హక్కు, తల్లిదండ్రులే ప్రైవేట్ బడికి మార్చినప్పుడు అదే రూపంలో వెంట రాదు. ఆ సంగతి వాళ్లకి తెలుసో లేదో. ముగ్గురిలో ముందు ఆవిడతో మాట్లాడండి.

ఈ ఏడాది టెస్టు ఏ నెలలోనో, ఏ కంపెనీదో కూడా ఆ ఈమెయిల్‌లోనే అడగండి. నాలుగో గ్రేడ్‌లో రాసిందే మళ్లీ పెట్టమని కోరండి. ఈసారి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. వచ్చాక నాకూ రాయండి.